కింద నుంచి కోసిన ఇరవై లైన్లు

కెనడాలో, ఏజాక్స్ ఊళ్ళోని మా ఇంటికి నిన్న ఒక పార్సిల్ తిరిగివచ్చింది. వాంకూవర్‌లో ఆ చిరునామాలో ఆ పేరుగలవారు ఎవరూ లేరని పైన చీటీ అంటించి ఉంది. లోపల ఉన్నది నల్ల అట్ట నోటుపుస్తకం. దాన్ని కలిసి రాసిన అక్కచెల్లెళ్ళు విడిపోయింది నా చేతి వల్ల.

మన దేశం నుంచి విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న రోజులవి. మా వీధిలో అద్దెకిచ్చే బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న ఇల్లు కనిపించేది కాదు. మా దాంట్లోకి కాకినాడ వైపు పాస్టరుగారి కూతుళ్ళు ఇద్దరు వచ్చారు. చదువుకుంటూనే పెద్దమ్మాయి కాఫీ షాపులోనూ, చిన్నమ్మాయి గోడౌన్‌లోనూ పనిచేసేవారు. పూర్వం ఇంగ్లండులో ఒక పాదిరిగారి కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని, మగవాళ్ళ పేర్లు పెట్టుకుని నవలలు రాశారని చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట వాళ్ళలో నాటుకుపోయింది. ఆదివారం చర్చి నుంచి రాగానే మా భోజనాల బల్ల దగ్గర చేరి వీళ్ళూ ఒక నవల రాసేవారు.

"ఆ ఇంగ్లీషు పిల్లల ఇంట్లో అంట్లు ఎవరు తోమేవారో నాన్నగారిని అడగలేదామ్మా?" అని మా ఆవిడ ఆటపట్టించేది.

"చిన్నదే అయ్యుంటుంది ఆంటీ, ఎక్కడైనా అంతే," అనేది చిన్నమ్మాయి.

పెద్దమ్మాయికి మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. ప్రతి అధ్యాయం ఆమె ఎత్తుకుంటే చివరి పేజీ చెల్లెలు రాసేది. ఒకరికొకరు పైకి చదివి వినిపించుకోకుండా ఒక్క మాటైనా మార్చకూడదన్నది వాళ్ళ నియమం. ఇద్దరికీ కలిపి ఒకటే కలం పేరు. ఇక్కడి తెలుగువాళ్ళం నడుపుకునే చిన్న పత్రికలో ఆ నవల సీరియల్‌గా వచ్చేది, పేజీలు నేను దిద్దేవాణ్ణి.

ఆఖరి భాగం పేజీలో పట్టకుండా ఇరవై లైన్లు ఎక్కువైంది. నా ఈడు పత్రికలవాళ్ళకు చెప్పనక్కరలేదు, వార్త ఎక్కువైతే కింద నుంచి కోస్తాం, ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది గనుక. జీవితమంతా దినపత్రిక డెస్కులో అదే చేసిన చేయి కథను కూడా అలాగే కోసింది. కోసేముందు పెద్దమ్మాయికి ఫోన్ చేశాను కూడా. వెనక కస్టమర్ల సందడి. "మీకెలా కుదిరితే అలా చేసేయండి అంకుల్," అని పెట్టేసింది.

పత్రిక వచ్చిన రోజు చిన్నమ్మాయి వంటింట్లో నిలబడే చదివింది.

"ఇరవై లైన్లేనమ్మా," అన్నాను.

"అవును అంకుల్, నేను రాసింది ఆ ఇరవయ్యే." తరువాత అక్క వైపు తిరిగింది. "నువ్వు ఓకే చెప్పావా?"

"షిఫ్ట్‌లో ఉన్నానే, సరిగ్గా వినలేదు."

"నా ఎండింగ్ అక్కర్లేదని డైరెక్ట్‌గా నాకే చెప్పొచ్చుగా అక్కా."

తప్పు నాదని ఎన్ని విధాల చెప్పినా ఆమె వినలేదు. నెల తిరక్కుండా స్నేహితురాలి దగ్గరకు వాంకూవర్ వెళ్ళిపోయింది. పెద్దమ్మాయికి తరువాత కనాటా అనే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. వెళుతూ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "నేను పంపితే విప్పదు, మీరే పంపండి అంకుల్," అంది. తగిన మాట రాసి జతచేద్దామని దాన్ని ఇన్నాళ్ళూ దగ్గర పెట్టుకున్నాను. ఆ మాట నాకు దొరకలేదు. చివరికి ఏమీ రాయకుండానే పంపితే, ఇదిగో, ఇలా తిరిగివచ్చింది.

ఇప్పుడు విద్యార్థుల వీసాలు తగ్గిపోయి మా వీధిలో బేస్‌మెంట్లు చాలా వరకు ఖాళీ. అద్దెకు ఇస్తామని బోర్డు పెట్టినా అడిగేవారు లేరు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ బల్ల మీద మందుల డబ్బాలు తప్ప ఏమీ ఉండవు. ఒకరు రాసింది మరొకరు పైకి చదవడం విని ఎన్నాళ్ళయిందో.

నిన్న పార్సిల్ విప్పి ఆఖరి పేజీ చూశాను. ఇరవై లైన్లూ చిన్నమ్మాయి చేతిరాతలో చెక్కుచెదరకుండా ఉన్నాయి; వాటిలో అక్క తలుపు తీస్తుంది. అచ్చయిన పత్రికలో మాత్రం కథానాయిక తన అక్క ఇంటి గుమ్మం దగ్గర, తలుపు తట్టడానికి చేయి ఎత్తి నిలబడే ఉంది. చిన్నమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు. పార్సిల్ తిరిగివచ్చిన సంగతి పెద్దమ్మాయికి ఇంకా చెప్పలేదు.