మిర్చి అయ్యాక చేయించుకునే ఆపరేషన్

మా వైపు ఎవరికి ఒళ్ళు వేడెక్కినా ముందు నింద పడేది మిరపకాయ మీదే. నలభై ఆరో ఏట మొదటిసారి మెడ దగ్గర పుట్టిన మంట చెవుల మీదుగా నెత్తికెక్కి, జాకెట్టంతా చెమటతో తడిసిపోయినప్పుడు నేను కల్లంలో ఉన్నాను. ఎండబోసిన మిర్చిలోంచి తాలు, అంటే రంగుపోయి తెల్లబడిన కాయలు, ఏరుతున్నాను. గుండె దడదడలాడింది. పక్కన కూర్చున్న మా తోడికోడలు నా మొహం చూసి, ఘాటు తలకెక్కింది, లేచి నీడలోకి పొమ్మంది. నేనూ అదే అనుకున్నాను. మిరపకాయల మధ్య కూర్చున్న మనిషికి ఇంకో అనుమానం ఎందుకొస్తుంది?

మాది సత్తెనపల్లికి దగ్గర్లో ఒక పల్లె. మా ఆయన, మరిది కలిసి సేద్యం చేస్తారు. సగం మిర్చి, సగం పత్తి. కల్లం చూసుకునే పని నాదీ, మా తోడికోడలిదీ. ఆమె నాకంటే ఆరేళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. కూలీలను అదిలించడం దగ్గర్నుంచి తూకం వేసేవాడితో తగాదా పడడం దాకా ఆమే. ఆమె ఉంటే నేను నోరు విప్పాల్సిన అవసరం ఉండదు.

ఘాటన్నారు కదా అని కొన్నాళ్ళు కల్లానికి పోవడం మానేశాను. ఇంట్లో కూలర్ ముందు కూర్చున్నాను. మంట కూలర్ ముందుకే వచ్చింది. చుట్టాల పెళ్ళికి ఏసీ బస్సులో ఒంగోలు పోతుంటే, అందరూ దుప్పట్లు కప్పుకుని ముడుచుకున్నారు, నేనొక్కదాన్ని పమిటతో విసురుకుంటూ కూర్చున్నాను. ఆ బస్సులో మిరపకాయ ఎక్కడుంది? అప్పుడైనా బుర్ర వెలగాలి. వెలగలేదు. ఘాటు కాకపోతే వేడి చేసిందన్నారు. వేడికి చలవ చెయ్యాలన్నారు. ఇక చూస్కోండి, పొద్దున్నే మెంతులు నానేసిన నీళ్ళు, తర్వాత సబ్జా, మధ్యాహ్నం బార్లీ, సాయంత్రం మజ్జిగ, ఇవి చాలనట్టు నెత్తికి ఆముదం. వారం తిరిగేసరికి జలుబు పట్టింది. ఒక పక్క చీదుకుంటూ, ఇంకో పక్క చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఫోన్లో ఎవరో పంపిన ప్రకటన చూసి ఒక పొడి కూడా తెప్పించాను. దానివల్ల రెండు రోజులు బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగాను. ఆ డబ్బా పారేశాను.

మనిషిని కూడా మారిపోయాను. పప్పులో ఉప్పు తగ్గిందన్నందుకు ఒకరోజు గరిటె గోడకేసి కొట్టాను. మా ఆయన గోడ వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అనకుండా తిన్నాడు. అనకపోయినందుకు ఇంకా ఒళ్ళు మండింది. నిద్ర సరిగా ఉండేది కాదు. కీళ్ళు పట్టేసేవి. చెబితే ఎవరికైనా అర్థమయ్యే జబ్బు ఒక్కటీ లేదు. ఏమైంది అని అడిగితే ఏమీ కాలేదనే చెప్పేదాన్ని.

ఆ ఏడాది అట్లా గడిచింది. మళ్ళీ కల్లం పడే నాటికి నెలసరి దారి తప్పింది. రెండు నెలలు రాలేదు, వచ్చినప్పుడు రెండు వారాలు ఆగలేదు. గడ్డలు గడ్డలుగా పోయేది. డాబా మెట్లెక్కితే ఆయాసం. ఈ సంగతి తెలిశాక కల్లంలో ఆడవాళ్ళంతా ఒకే మాట మీద నిలబడ్డారు, తీయించేసుకోమని.

తీయించుకోవడం అంటే గర్భసంచి. మా ఊళ్ళలో ఆ పేరు కూడా ఎత్తరు, తీయించుకున్నావా అని అడిగితే చాలు. పిప్పి పన్ను పీకించుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు. తాలు ఏరుతూ, ఎవరు ఏ ఊళ్ళో చేయించుకున్నారు, ఎవరికి కుట్లు చీము పట్టాయి అన్నీ మాట్లాడుకున్నారు. ఆ వరసలో కూర్చున్నవాళ్ళలో సంచి ఉన్నది నాకూ, పెళ్ళికాని ఇద్దరు ఆడపిల్లలకీ మాత్రమే. దీనికొక అదను కూడా ఉంది. మిర్చి అమ్ముడయ్యాక, మళ్ళీ నారు పోసేలోగా. ఆ వేసవి నెలల్లో పొలం పని ఉండదు గనక ఆడవాళ్ళ ఆపరేషన్లన్నీ అప్పుడే. మా తోడికోడలు కూడా ఒక మే నెలలోనే చేయించుకుంది, ముప్పై రెండేళ్ళకి. నెలసరిలో ఎక్కువ పోతోందని, పత్తి తీతకి అడ్డమొస్తోందని. అందుకే నా విషయంలో అందరికంటే ఆమే గట్టిగా పట్టుబట్టింది.

"పిల్లలు పుట్టారు, పెద్దోళ్ళయ్యారు. ఇంకెందుకక్కా అది? పీడా పోద్ది. నన్ను చూడు, నెలనెలా ఆ గోలే లేదు" అంది.

చూశాను. నలభై ఒక్కేళ్ళ మనిషి నడుం పట్టుకుని, నేలకి చెయ్యి ఆనించి లేస్తుంది. పొలం పని అట్లా చేసిందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం.

టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించారు. స్కాన్ చేశారు. వయసెంత, పిల్లలెంతమంది అని డాక్టరు అడిగాడు. తీసేద్దాం అన్నాడు. మే నెలలో ఒక రోజు ఖాయమైంది. నాకు ఇష్టం లేదు. ఎందుకు లేదంటే సరిగ్గా చెప్పలేను. కత్తంటే భయం కాదు, ఇద్దరు పిల్లల్నీ కోసే తీశారు. లోపల చెడిందో లేదో ఎవరూ చెప్పకుండా, నా ఒంట్లోది ఊరికే కోసి పళ్ళెంలో పెడతారంటే మనసొప్పలేదు, అంతే. ఆ మాట పైకి అనలేదు. ఊరంతా చేయించుకున్నదానికి నేనొక్కదాన్ని వద్దంటే, అబ్బో, ఎక్కడలేని సుకుమారం ఈమెకే వచ్చిందంటారు.

ఆపరేషన్‌కి ముందు పరీక్ష చేస్తే ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉందని తేలింది. ఇప్పుడు కొయ్యడం కుదరదు, మూడు నెలలు మాత్రలు మింగి రమ్మన్నారు. మా ఆయన మొహం వాడిపోయింది. మూడు నెలలంటే మిరప నాట్లు. నాట్లప్పుడు నేను మంచం ఎక్కితే ఇంట్లో జరగదు. నాట్లు అయితే కలుపు, కలుపు అయితే కోత, కోత అయితే కల్లం. అట్లా నా ఆపరేషన్ ఏకంగా మరుసటి వేసవికి పోయింది. నా మీద జాలితో ఎవరూ ఆపలేదు. పంట ఆపింది.

మాత్రల కోసం మండలంలోని సర్కారు ఆసుపత్రికి పోయేదాన్ని. అక్కడ లేడీ డాక్టరు, మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. స్కాన్ చూసి, ఇది ఎందుకు తీస్తామన్నారని అడిగింది. అందరూ తీయించుకుంటారు కదా మేడం అన్నాను. ఆమె నవ్వలేదు. ఎందుకైనా మంచిదని గుంటూరు పెద్దాసుపత్రికి పంపి ఇంకో పరీక్ష చేయించింది. అది కూడా వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది.

"మీ గర్భసంచి బాగానే ఉందమ్మా. తీయాల్సిన జబ్బేమీ లేదు. నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఇట్లాగే ఉంటుంది. మంటలు, చెమటలు, చిరాకు, అన్నీ దాంట్లోవే."

ఏడాదిన్నరగా నన్ను పట్టి పీడిస్తున్నదానికి ఒక పేరు, ఒక ముగింపు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదీ కొత్తే, అంతకుముందు నాకు అంత తేలిగ్గా ఏడుపు వచ్చేది కాదు. ఎక్కువ పోకుండా మాత్రలిచ్చింది, మళ్ళీ విపరీతంగా పోతే ఆగకుండా రమ్మంది. మిగతాది మీ చేతుల్లోనే ఉందంటూ ఆమె చెప్పినవి వింటే నవ్వొచ్చింది. అన్నీ మా ఇళ్ళలో ఉన్నవే. నువ్వులు, అవిసె గింజలు, తోటకూర, మునగాకు. అన్నంలోకి నిమ్మకాయ పిండుకోమంది. తిన్న వెంటనే టీ తాగొద్దంది, తాగితే తిన్న ఆకుకూర ఒంటికి పట్టదట. కల్లంలో టీ క్యాన్ వచ్చినప్పుడల్లా గ్లాసు పట్టుకునేదాన్ని, అది మానడానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు. నూలు బట్టలు కట్టుకోమంది. పత్తి పండించే కొంపలో నేను ఏళ్ళ తరబడి పాలియెస్టర్ నైటీల్లో పడుకుంటున్నాను, ఆ సంగతి అప్పటిదాకా నా దృష్టికే రాలేదు.

రాత్రిపూట కారం తగ్గించమంది. గుంటూరు జిల్లా మనిషితో అనాల్సిన మాటేనా అది? మొదటి రాత్రి చప్పటి సొరకాయ కూర వడ్డిస్తే, ఇంట్లో ఎవరికి జ్వరమని అడిగాడు మా ఆయన. వారం ఓర్చుకున్నాడు. తర్వాత కారం డబ్బా కంచం పక్కన పెట్టుకుని తనకు కావలసింది తానే చల్లుకోవడం మొదలెట్టాడు. నేను అవిసెలు, కరివేపాకు వేయించి పొడి కొట్టి, పేరుకి రెండు ఎండుమిరపకాయలు వేసుకునేదాన్ని. బాగుందని అబద్ధం చెప్పను. అలవాటైంది.

నడవమని కూడా చెప్పింది. పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద నడవడం మొదలుపెడితే, పొలంలో నడిచింది చాలలేదా అని ఊళ్ళో నవ్వారు. నేనొక్కదాన్నే పోతే బాగుండదని మా తోడికోడలు తోడొచ్చేది. వచ్చినన్ని రోజులూ నన్ను దెప్పేది. ఈ ఆకులూ గింజలూ ఎన్నాళ్ళు మేస్తావు, వచ్చే వేసవికి ఎట్లాగూ తీయించుకోవాలిగా అనేది. కొంత దూరం పోయాక మోకాళ్ళు పట్టుకుని తూము మీద కూర్చునేది. నేను వెళ్ళి తిరిగొచ్చేదాకా అక్కడే.

తగ్గిందా అంటే తగ్గింది, పోయిందా అంటే పోలేదు. మంటలు వస్తూనే ఉన్నాయి, కాకపోతే వస్తున్నాయని తెలిసేది, కాసేపట్లో పోతాయనీ తెలిసేది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చి మామూలుగా పోయేది. రక్తం పెరిగింది. మెట్లెక్కగలిగాను. గరిటెలు గోడకేయడం మానలేదు గానీ తగ్గించాను.

మళ్ళీ వేసవి వచ్చింది. మిర్చి అమ్ముడైంది. అన్నం తింటూ మా ఆయన ఆసుపత్రి సంగతి ఎత్తాడు. ఏడాదిగా ఈ మాట కోసమే లోపల కత్తులు నూరుకుంటున్నాను. చేయించుకోనని చెప్పాను. బాగున్నదాన్ని తీయించుకోవాల్సిన అవసరం నాకు లేదన్నాను. నాట్లప్పుడు మళ్ళీ మొదలైతే ఏం చేస్తావన్నాడు. మొదలైతే డాక్టరు దగ్గరికి పోతాను, ఒళ్ళు నాది అన్నాను. నీ ఇష్టం అని చెయ్యి కడుక్కున్నాడు. అంతే. యుద్ధానికి తయారైనదాన్ని, ఏం చెయ్యాలో తోచక గిన్నెలు తోముకున్నాను.

మర్నాడు కాలువ కట్ట మీద మా తోడికోడలు ఒక్క మాటా దెప్పలేదు. తూము దగ్గర కూర్చుని, డాక్టరమ్మ ఏమందో మళ్ళీ చెప్పమంది. చెప్పాను. నీకు వచ్చే మంటలు ఎట్లా ఉంటాయని అడిగింది. అదీ చెప్పాను.

"నాకూ వస్తాయక్కా. ఆపరేషన్ అయిన నెల నుంచీ. పదేళ్ళు అయింది" అంది.

సంచి ఒక్కటే తీశారా, పక్కన అండాశయాలు కూడా తీశారా అని అడిగాను. ఆ రెండూ తీస్తే మంటలు వెంటనే మొదలవుతాయనీ, ఎముకలు తొందరగా అరుగుతాయనీ డాక్టరు నాతో అన్నది గుర్తొచ్చింది.

"ఏం తీశారో నాకేం తెలుసు? మత్తులో ఉన్నాను" అంది.

మండలానికి తీసుకుపోయాను. నా డాక్టరే చూసింది, స్కానూ చేయించింది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని తేలింది, ఏమీ మిగల్చలేదు. ముప్పై రెండేళ్ళకి ఎందుకు తీశారో ఇప్పుడు చెప్పలేమంది, ఎముకలకి మాత్రలు రాసింది. మా తోడికోడలు అన్నింటికీ తలూపింది. తూకం దగ్గర గుప్పెడు కాయల కోసం ఊరంతా వినపడేలా పోట్లాడే మనిషి, ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాం. నాకు చాలా కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు. ఆమె మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూస్తోంది. ఏమైనా తాగుతావా అంటే వద్దంది. మందుల సంచి మూతి ముడేస్తూ తనే అంది.

"అప్పుడు నెల రోజులు మంచం దిగనివ్వలేదక్కా నన్ను. పెళ్ళయ్యాక పగలు పడుకుంది అప్పుడే. ఎంత సంతోషపడ్డానో."