మరకల మామయ్య తెచ్చుకున్న పొద

ఆ వీధిలో తెల్లబట్టల మీద తుది తీర్పు చెప్పే అధికారం ఒక్కరికే ఉండేది. లాండ్రీ దుకాణంలో కౌంటరు వెనక నిలబడి, చొక్కాను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, "ఇది పోతుంది" అనో "ఇది పోదు" అనో ప్రకటించేవారాయన. ఆపైన కోర్టు లేదు. సిరా, తుప్పు, పిల్లల వాంతులు, పెద్దల అబద్ధాలు, అన్నిటి ఆనవాళ్లూ ఆయనకు తెలుసు. అందుకే అందరికీ మరకల మామయ్య అయ్యారు. అసలు చుట్టరికం చూస్తే ఆయన ఎవరికీ మామయ్య కాదు; ఉన్న ఒక్క అక్కకూ పిల్లలు లేరు.

ఈ పదవికి మూలం ఒక పొద. చిన్నప్పుడు ఇంటి వెనక నడుమెత్తున ఉండేది. అమ్మ ఉతికిన బట్టలు దానిమీదే ఆరేసేది. అది గోరంత తెల్లపూలు పూసి, ఆకుల పసరుతో ప్రతి చొక్కామీదా ఇటుకరంగు చుక్కలు పెట్టి పంపేది. బడిలో పిల్లలు ఆయన్ని "చిరుతపులి" అనేవారు. ఆ అవమానంతోనే మరకలమీద యుద్ధం ప్రకటించారని చరిత్ర.

ఆయన రెండో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. తర్వాత ఇల్లూ పొదా కొత్త రోడ్డులో కలిసిపోయాయి. అమ్మంటే ఆయనకు మిగిలింది ఒక తడిచెయ్యి, ఆ ఆకుల ఘాటు వాసన, అంతే. పెద్దదైన అక్కకు అన్నీ తెలుసు గానీ, ఎప్పుడడిగినా "ఏమోరా, గుర్తులేదు" అని మాట దాటేసేది. ఆ వాసన ఒక్కసారి తగిలితే అక్క నోరు విప్పుతుందని ఆయనకు గట్టి నమ్మకం. కానీ మొక్కల నర్సరీకి వెళ్తే పేరడిగేవారు. పేరు ఆయనకు తెలిస్తేగా!

ఒకరోజు, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ తెల్లచొక్కా ఒకటి తెచ్చి కౌంటరుమీద పెట్టింది. మామయ్య ఎత్తి చూశారు. తీర్పు రాలేదు. చొక్కా ముక్కుకు ఆనించుకున్నారు.

"అంత కంపు కొడుతోందా మామయ్యా?"

"ఇది ఎక్కడ అంటించుకున్నావమ్మా?"

"పాత ఇటుకబట్టీ దగ్గర. పిల్లలకి మొక్కలు చూపిద్దామని వెళ్లాం. పోదా?"

"మరక సంగతి తర్వాత. ఆ మొక్క పేరేంటి?"

ఆవిడ రెండు మాటల లాటిన్ పేరు చెప్పింది. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. అచ్చం మన పద్ధతే. తనను చిరుతపులిని చేసిన పొదకు ఇంత మర్యాద జరుగుతోందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అది ఈ నేలలో తనంతట తాను పుట్టేదేననీ, ఎవరూ కొనరు గనక ఎవరూ అమ్మరనీ, బట్టీ స్థలం చదును చేయబోతున్నారు గనక త్వరపడమనీ కూడా చెప్పింది.

ఆదివారం వెళ్లి ఒక చిన్న మొక్కను పెకలించి తెచ్చారు. అక్కడ వృత్తిధర్మం అడ్డొచ్చింది. జీవితమంతా మట్టిని గుమ్మం దాటనివ్వని చేతులవి. వేళ్లను గోరువెచ్చని నీళ్లలో జాడించి, సబ్బు పెట్టి, మళ్లీ జాడించి, నీడన ఆరబెట్టి, అప్పుడు కుండీలో నాటారు.

"మట్టిలో పెట్టేదానికి మట్టి కడిగారా?" అంది భార్య.

"శుభ్రంగా ఉంటే రోగాలు రావే."

"గంజి కూడా పెట్టకపోయారా, నిటారుగా నిలబడేది!"

వారం తిరక్కుండానే మొక్క కాలధర్మం చెందింది. ఆయన బట్టీ దగ్గరికి పరుగెత్తారు. అక్కడ పొదలు లేవు, అరచేతిలా చదునైన నేలే మిగిలింది. ఆ రోజు ఇస్త్రీపెట్టె కింద ఒక కాలరు మాడింది. దుకాణం చరిత్రలో అదే మొదటిది.

సంగతి విని మేడమ్ నవ్వాపుకుంది. "అక్కడ తవ్విన మట్టి ఎక్కడ పోశారో కనుక్కోండి. వేరుముక్క మిగిలినా చిగురిస్తుంది. ఈసారి కడిగారంటే మాత్రం నా బట్టలు వేరేచోట వేస్తాను."

మట్టి బస్సు డిపో వెనక గుంటలో పోశారని తేలింది. వానలు మొదలయ్యాక మామయ్య రోజూ పొద్దున్నే అక్కడ వంగి వెతికేవారు. ఏం పోయిందని దారినపోయేవాళ్లు అడిగేవారు. చివరికి ఒక చిగురు దొరికింది. ఆకు నలిపి చూస్తే అదే ఘాటు. మట్టిగడ్డతో సహా తవ్వారు. తడిగడ్డ విరిగిపోతుంటే రెండు చేతులా గుండెకు హత్తుకున్నారు. అలాగే, సరిగ్గా దుకాణాలు తెరిచే వేళకి, బురద కారుతున్న తెల్లచొక్కాతో తన వీధిలో నడిచొచ్చారు. ఎదురుకొట్టు మంగలి కత్తెర ఆపి, "మామయ్యా! మరి ఇది పోతుందా?" అని అరిచాడు. వీధంతా నవ్వింది. ఇన్నేళ్ల పరువు బొట్లుబొట్లుగా కారిపోతున్నా ఆయన తల తిప్పలేదు. తిప్పితే గడ్డ విరుగుతుంది.

మరుసటేటి వానలకు పెరట్లో పొద పూసింది. ఆయన అక్కను పిలుచుకొచ్చారు.

"ఇది కాదురా. అది ఇంకా ఎత్తు."

"అప్పుడు నువ్వు పొట్టిదానివక్కా."

"నోర్ముయ్," అని అక్క ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది. చెయ్యి ముఖం దగ్గరే ఉండిపోయింది. మరదలు స్టూలు తెచ్చి వేసింది.

"అమ్మకి ఈ వాసన పడేది కాదు. తలనొప్పి అనేది," అంది అక్క. "నాన్న దీన్ని కొట్టేస్తానంటే మాత్రం కత్తి దాచేసేది. నువ్వు దీని నీడనే నిద్రపోయేవాడివి. ఇంట్లో పడుకోబెడితే ఒకటే ఏడుపు."

మామయ్యకిది తెలియదు. ఇంటి ముందువైపు ఎవరో దుకాణం తలుపు కొడుతున్నారు. ఆయన ఆ తడినేలమీదే చతికిలబడ్డారు.

"ఇంకా?"

"ఉండరా, ఏం తొందర! ఒకసారి ఆ కత్తి కోసం నాన్న..." అంటూ, చెప్పాల్సింది చెప్పకముందే అక్క నవ్వడం మొదలుపెట్టింది.