ప్రార్థనకు ముందు

పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కితే, మందుల ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఒకావిడ పక్కన సీటు దొరికింది. నలభై దాటి ఉంటాయి. ఫోన్‌లో ఏదో పాఠం వింటోంది. ఏం చదువని అడిగాను.

"సైకాలజీ డిగ్రీ అక్కా, ఆన్‌లైన్‌ల. క్రైస్తవ కాలేజీది."

"ఈ వయసులో ఎందుకమ్మా?"

"మా చర్చిల ఆడోళ్లు నాతోని బాధ చెప్పుకుంటరు. సగం చెప్పంగనే నేను కండ్లు మూసి ప్రార్థన మొదలుపెడ్తుంటి. ఇగ వాళ్లు ఆడికే ఊకుందురు. కండ్లు మూస్తే వాళ్ల ముఖం ఎట్ల కనవడ్తది? వినుడు నేర్చుకుందామనే ఈ చదువు. ఇప్పుడు మొత్తం విన్నంకనే ప్రార్థన."

ఎందుకో మా ఆయన సంగతి ఎత్తాను. ఫ్యాక్టరీ ఉద్యోగంలో రిటైరైనప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పడం లేదు. ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి బ్యాగులో పెట్టుకుని నావైపు తిరిగింది. నేను ఆగినప్పుడల్లా "ఇంకా?" అంది, అంతే. సంగారెడ్డి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. దిగేముందు, "మీకోసం ప్రార్థన చెయ్యాల్నా అక్కా?" అని అడిగింది. మాకు అలవాటు లేకపోయినా చెయ్యమన్నాను.

మర్నాడు బీరంగూడలో మా ఇంట్లో టీ తాగుతూ, "సైరన్ వినబడితే ఇప్పటికీ యూనిఫాం కోసం చూస్తున్నా" అన్నారు మా ఆయన. వాకింగ్‌కి వెళ్లమని చెప్పబోయి ఆగాను.

"ఇంకా?" అన్నాను.

ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.