స్టాక్‌హోమ్ వెళ్ళడానికి నేను రాసిన ఏడు కారణాలు

పోయిన గురువారం ఇక్కడ ఆక్లండ్‌లో బోటనీ డౌన్స్ షాపింగ్ సెంటర్‌లో మా ఆయన బీపీ మాత్రల కోసం ఫార్మసీ లైన్లో నిలబడి ఉంటే, నేను మోకాళ్ళు నొప్పిపుట్టి ఎదురుగా ట్రావెల్ ఏజెంటు షాపు ముందున్న బెంచీ మీద కూలబడ్డాను. ఆ షాపు అద్దానికి నీళ్ళ ఒడ్డున ఎర్రటి, పసుప్పచ్చటి మేడలున్న పెద్ద ఫోటో ఒకటి అంటించి, శని, ఆదివారాలు గడపడానికి స్టాక్‌హోమ్‌కే ఎందుకు వెళ్ళాలో కింద వరసగా కారణాలు రాసిపెట్టారు. ఆక్లండ్ నుంచి రెండు రోజుల కోసం స్టాక్‌హోమ్ వెళ్ళేవాళ్ళు ఎవరుంటారు, పోవడానికే ఒకటిన్నర రోజు పడుతుంది కదా అని మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అచ్చం అలాంటి జాబితానే పన్నెండేళ్ళ క్రితం నా చేత్తో నేను రాశాను, పైగా ఆ పొద్దున్నే నాకు ఆ ఊరి నుంచి ఒక ఫోను వచ్చింది. ఫోను సంగతి తర్వాత చెబుతాను, ముందు జాబితా సంగతి చెప్పనివ్వండి.

అప్పటికి మేము ఆక్లండ్‌కి ఒక కొసనున్న హాబ్సన్‌విల్‌లో కొత్తగా కట్టిన ఇళ్ళలో చేరి ఏడాది కూడా కాలేదు, వీధి చివర ఇంకా మట్టి కుప్పలూ, కంకర లారీలూ ఉండేవి. నేను రోజూ చీకటితోనే లేచి, అన్నం డబ్బా కట్టుకుని, మోటర్‌వే మీద పడి ఊరికి రెండో కొసన మనురేవాలో ఒక బట్టల షాపుకి పనికి వెళ్ళేదాన్ని. మా ఆయనది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఆ ఏడు ఆగస్టులో వాళ్ళ ఆఫీసు వాళ్ళు రెండు వారాల ట్రైనింగుకి లండన్ పంపిస్తూ, భార్యను కూడా తెచ్చుకోవచ్చన్నారు. మధ్యలో ఒక శని, ఆదివారం ఖాళీ. ఎక్కడికి వెళదామని ఆయన అడగడమేమిటి, స్టాక్‌హోమ్ అని నా నోటి నుంచి ఊడిపడటమేమిటి, రెండూ ఒకేసారి జరిగాయి. అన్నాక భయం వేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధమాడి వంటింట్లోకి పారిపోయాను.

స్టాక్‌హోమ్‌లో మా చెల్లెలుంది. నాకంటే పదేళ్ళు చిన్నది, నా చంకలో పెరిగింది. దానికి పెళ్ళైన పదకొండేళ్ళకు, రెండుసార్లు కడుపు నిలవకుండా పోయాక, మూడోసారి ఏడో నెల నడుస్తుండగా నెల్లూరులో అమ్మకు జబ్బు చేసింది. నేను ఆక్లండ్ నుంచి ఆఘమేఘాల మీద వెళ్ళాను. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి అమ్మ పోయింది. కడుపుతో ఉన్నదానికి ఇలాంటి కబురు చెప్పకూడదని, అందులోనూ దాని సంగతి తెలిసి తెలిసి చెప్పకూడదని, పిన్నితో సహా మా వాళ్ళంతా ఒకే మాట మీద నిలబడ్డారు. మా తరం వాళ్ళకి ఇది వింతేమీ కాదు, మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరికి ఇలా దాచే ఉంటారు. అయితే నిర్ణయం అందరిదీ అయినా, రోజూ ఫోనెత్తి అమ్మ నిద్రపోతోందే, జ్వరం తగ్గిందే అని చెప్పిన గొంతు మాత్రం నాది. అమ్మ పోయాక కూడా పదకొండు రోజులు అదే గొంతుతో అదే మాట చెప్పాను.  కర్మ అయ్యాక దాని భర్త నెమ్మదిగా చెప్పాడట. అది నాకు ఫోను చేసి, ఏడవకుండా, “నాకెందుకు చెప్పలా?” అని ఒక్క మాట అడిగి పెట్టేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళు మాట్లాడలేదు. పాప క్షేమంగా పుట్టిందన్న కబురు కూడా నాకు పిన్ని ద్వారానే తెలిసింది.

ఇదంతా మా ఆయనకు తెలియనిది కాదు, కానీ నేను ఆ పేరెత్తితే ఏడుస్తానని ఆయనా ఎత్తేవాడు కాదు. చెల్లెల్ని చూడాలని ఉందండీ అని చెప్పడానికి నాకెందుకంత బెరుకో ఈనాటికీ అర్థం కాదు. చెబితే అది ఖాయమైపోతుంది, ఖాయమైతే అది తలుపు తీయకపోవడం కూడా ఖాయమైపోతుందేమోనని భయం కాబోలు. అందుకని లైబ్రరీ నుంచి ఒక యాత్రల పుస్తకం తెచ్చుకుని, షాపులో లంచ్ టైములో కూర్చుని కారణాలు వెతకడం మొదలుపెట్టాను. మా షాపు పెద్దావిడ, మంచి మనిషే పాపం, అంత దూరం పోయి రెండు రోజుల్లో ఏం చూస్తావని ఇక్కడి కివీల పద్ధతిలో కనుబొమలెత్తి నవ్వితే, ఆవిడకి కూడా పుస్తకంలోది అప్పజెప్పాను. ఊరు పద్నాలుగు దీవుల మీద ఉంటుందట, పాత బజారు సందులన్నీ ఒక్క పూటలో నడిచి చూడొచ్చట, భూగర్భంలో రైలు స్టేషన్ల గోడల నిండా బొమ్మలేనట, మూడు వందల ఏళ్ళు సముద్రం అడుగున ఉన్న ఓడను పైకి తీసి మ్యూజియంలో పెట్టారట, సిటీ బస్సు ఎక్కినంత సులువుగా పడవ ఎక్కొచ్చట, యాలకుల పొడి వేసిన బన్నులు దొరుకుతాయట, ఆగస్టులో పొద్దు ఎంతకీ కుంకదు కాబట్టి రెండు రోజులు మూడు రోజుల పెట్టట. ఏడు లెక్కకొచ్చాయి. వాటిని తెల్లకాగితం మీద అందంగా రాసి, ఆదివారం కాఫీతో పాటు మా ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, “బాగున్నాయి. అసలుది రాయలేదేమోయ్?” అన్నాడు. నేను వినపడనట్టు కిటికీలోంచి వర్షం చూస్తూ కూర్చున్నాను. టిక్కెట్లు తీశాడు. దిగడం ఎక్కడ అని అడిగితే మాత్రం ఠక్కున హోటలన్నాను. సూట్‌కేసులతో దాని గుమ్మం ముందు నిలబడితే, అది తలుపేస్తే, ఆ పరాయి ఊళ్ళో ఎక్కడికి పోతాం? అదీ నా లెక్క. ఒకవైపు హోటలు బుక్ చేయించి, మరోవైపు దానికిష్టమని కొబ్బరి కజ్జికాయలు చేసి బిస్కెట్ల డబ్బాలో సర్దాను చూడండి, నా తెలివి అంతలో ఉండేది. పిన్నికి మాత్రం చెప్పాను. పిన్నికి చెబితే దానికి చేరుతుందని తెలుసు, చేరాలనే చెప్పాను.

చేరింది. శుక్రవారం సాయంత్రం స్టాక్‌హోమ్ హోటల్లో ఇంకా చెప్పులు కూడా విప్పకముందే మా ఆయన ఫోనుకి మెసేజి వచ్చింది. “బావా, హోటల్లో దిగారంటనే. మంచిది.” అంతే. ఆ మంచిది అనే మాట మనవాళ్ళు ఎప్పుడు వాడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. తోడబుట్టినది ఊళ్ళో ఉండగా హోటల్లో దిగడమంటే దాన్ని లేనిదానికింద జమకట్టినట్టే కదా!  జాగ్రత్త పడుతున్నాననుకుంటూ నాలుగేళ్ళ పుండు మీద కారం చల్లి వచ్చానని మంచం మీద కూర్చుని నెత్తి కొట్టుకున్నాను. ఇప్పుడే వెళ్ళిపోదాం పదమంటాడు ఆయన, వద్దు వద్దు రేపు అంటాను నేను. తీరా శనివారం వచ్చాక నాకు గుమ్మం దాటే ధైర్యం చాలక, ముందు ఓడ చూద్దామన్నాను.

ఏడు కారణాలూ చూశాను. చూశానంటే, వాటి ముందు నిలబడ్డాను. ఆ ఓడ మొట్టమొదటి ప్రయాణానికి బయల్దేరిన రోజే, ఒడ్డున అందరూ చూస్తుండగానే మునిగిపోయిందట. ఆ మాట వినగానే నాకు ఇంకేమీ వినబడలేదు. పాత బజారులో గుండ్రాళ్ళ దారి మీద నడుస్తుంటే చామనఛాయగా, పొట్టిగా ఏ ఆడమనిషి కనబడినా అదేనేమోనని ఆగి చూసేదాన్ని. యాలకుల బన్ను ఒక్కసారి కొరికి, మిగతాది మా ఆయన చేతిలో పెట్టేశాను. పడవలో మా ఆయన ఫోటో తీస్తానంటే నవ్వాను, ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, అందులో నా మొహం పరీక్ష తప్పినదానిలా ఉంటుంది. పుస్తకం చెప్పినట్టే పొద్దు ఒక పట్టాన కుంకలేదు, ఆ రోజు నాకు అదొక శిక్షయింది.

ఆదివారం తొమ్మిదింటికి, మళ్ళీ సాయంత్రం నాలుగుకి లండన్ విమానం అనగా, మా ఆయన బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, తోడల్లుడి దగ్గర ముందే తీసుకున్న అడ్రసు పట్టుకుని రైలెక్కించాడు. ఆ బిల్డింగు దగ్గరకి వచ్చాక, “నువ్వు పైకెళ్ళు, నేనిక్కడ పార్కులో కూర్చుంటా” అన్నాడు. మూడో అంతస్తు. బెల్లు మీద వేలు పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను.

తలుపు తీసింది. జుట్టు కాస్త నెరిసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, “రెండ్రోజుల్నించీ దుప్పట్లు పరిచి పెట్టుండా అక్కా. నా ఊరొచ్చి హోటల్లో దిగతావా? నేను చచ్చాననుకున్నావా?” అంటూ మొదలుపెట్టింది. అది తిడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది, నిజం చెబుతున్నాను, ఆ తిట్లు ఆగిపోతాయేమోనని భయం వేసింది. లోపల చిన్న గదిలో మంచం మీద ఉతికిన దుప్పట్లు, మడత పెట్టిన రెండు తువ్వాళ్ళు, పక్కనే మంచినీళ్ళ చెంబు. మా అమ్మ చుట్టాలకి పెట్టినట్టే. నాలుగేళ్ళ పిల్ల తలుపు చాటు నుంచి నన్ను చూస్తూ నిలబడింది. నేను ఆ మంచం మీద కూర్చున్నాను. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని, తిట్లాపి, మెల్లగా అడిగింది. “అమ్మ నన్నడిగిందా?”

ఈ ప్రశ్నకి మా వాళ్ళంతా కలిసి ఎప్పుడో జవాబు తయారుచేసి పెట్టారు. అమ్మకి స్పృహ లేదు, ఎవర్నీ అడగలేదు. ఆ జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ దుప్పట్ల మీద కూర్చుని అది చెప్పలేకపోయాను. అడిగింది, మూడుసార్లు అడిగింది, ఒకసారి నువ్వు లైన్లో ఉండగానే అడిగింది, నేను ఫోను చేత్తో మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయానని చెప్పేశాను. చెప్పి, దాని మొహం చూడలేక తల వంచుకున్నాను.

“తెలుసు” అంది. “ఆరోజు నాకు వినపడింది అక్కా. నా పేరే పిలిచింది. నీ నోటితో ఎప్పుడు చెప్తావా అనే ఇన్నాళ్ళూ చూస్తా ఉండా.”

అప్పుడు ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత కింద ఉన్న మా ఆయన్ని పిలిపించి, గోంగూర పప్పు పెట్టి, కజ్జికాయల డబ్బా తీస్తే సగానికి సగం పొడైపోయాయి, ఆ పొడినే పాపా అదీ స్పూన్లతో తిన్నారు. మేము ఆ ఇంట్లో ఉన్నది మొత్తం నాలుగు గంటలు. ఆ మంచం మీద పడుకున్నది మాత్రం మా ఆయనొక్కడే, అన్నం తిని ఒక అరగంట.

ఇక పోయిన గురువారం పొద్దున వచ్చిన ఫోను. చెల్లెలికి పది రోజుల క్రితం పెద్ద ఆపరేషన్ అయిందట, ఇంటికొచ్చాక ఇప్పుడు చెబుతోంది. నువ్వు కంగారు పడతావనే చెప్పలేదంది. ఆ పది రోజులూ నాకు రోజూ వీడియో కాల్ చేసింది, ఒంట్లో నలతగా ఉందని మొహం సగమే చూపించింది, నేను నమ్మాను. “నాకెందుకు చెప్పలా?” అన్నాను. ఆ మాట నోరు దాటాక గానీ అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు. తర్వాత నేనే అడిగాను, ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు నన్నడిగావా అని. “అడిగినా అక్కా” అంది.

మా కాలంలో ఒక సంగతి దాచాలంటే ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఇప్పుడు మొహాలు కనబడతాయి, ఎవరు ఎప్పుడు మెలకువగా ఉన్నారో కూడా తెలిసిపోతుంది, మన పిల్లలేమో ఏదైనా సరే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో మొహాన చెప్పేస్తారు. దాచడం మాత్రం మా ఇద్దరి దగ్గరా అలాగే ఉండిపోయింది. అది ప్రేమేనని అప్పట్లో ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని. పది రోజులు ఏమీ తెలియకుండా సుఖంగా నిద్రపోయినదాన్ని, ఇప్పుడు ఒప్పుకోలేకపోతున్నాను.

మా ఆయన మాత్రల సంచీతో వచ్చేసరికి నేను బెంచీ మీద లేను, ట్రావెల్ షాపు లోపల కౌంటరు ముందున్నాను. అక్కడి అమ్మాయి ఇద్దరికీ టిక్కెట్లు చూసి, తేదీలు రాసుకుని, స్టాక్‌హోమ్‌లో హోటలు కూడా చూడమంటారా అని అడిగింది. అక్కర్లేదమ్మా, మా చెల్లెలుంది అన్నాను.