సెలవుల ఆఖరి రోజు జడలు

శంషాబాద్‌లోని మా ఇంట్లో కిటికీలకు నల్లటి మందపాటి తెరలుంటాయి. ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లం పగలు నిద్రపోవాలంటే అవి తప్పవు. వాటి వెనక పన్నెండేళ్లుగా వేళాపాళా లేకుండా పడుకుంటున్నా, లేచేటప్పుడు ఒక్కసారీ పొరబడలేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

ఆ వేసవిలో ఇరవై రోజులు సెలవు పెట్టి, ఎనిమిదేళ్ల మా అమ్మాయిని తీసుకుని విశాఖలో అక్క ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. మర్నాడే దానికి బడి, నాకు డ్యూటీ. ఆ ఒక్కరోజు మాత్రం నాకు పొద్దున పదింటి షిఫ్టు. ఎల్లుండి నుంచి మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికే కంపెనీ బండి వచ్చేస్తుంది. మావారు కూడా చీకటితోనే షాద్‌నగర్ ఫ్యాక్టరీకి వెళ్లిపోతారు. ఇక పిల్లను లేపి, జడలు వేసి, స్కూలు ఆటో ఎక్కించేది కింది వాటాలో ఉండే పెద్దావిడ, మేమంతా అక్కా అన్నట్టుగా ఆపా అని పిలిచే ఆవిడే. తెరలు లాగేసి తల్లీకూతుళ్లం పడుకున్నాం.

మెలకువ వచ్చి ఫోన్ చూస్తే ఆరూ పది. ఏడింటికల్లా ఆటో వచ్చేస్తుంది. పిల్లను లేపి, మొహం కడిగి, యూనిఫాం తొడిగి, రెండు జడలు వేసి, పైకి మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టాను. రోజూ మెడ తిప్పి ప్రాణం తీసే పిల్ల ఆ రోజు బుద్ధిగా కూర్చుంది. సెలవుల్లో బాగుపడిందనుకుని మురిసిపోయాను.

డబ్బాలో బ్రెడ్డు సర్ది గేటు దగ్గర నిలబడ్డాం. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆటో రాలేదు. ఆటో అన్నకు ఫోన్ చేసి, మొదటి రోజే ఇంత ఆలస్యమా అని దులిపేశాను. ఆయనేదో చెప్పబోతుంటే వినకుండానే పెట్టేశాను.

ఇంతలో డాబా మీద ఆరిన బట్టలు చంకన పెట్టుకుని ఆపా దిగింది. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా, పొద్దుగూకుతుంటే బిడ్డను బడికి తోలుతున్నవు?"

నిర్ఘాంతపోయాను. సాయంత్రం ఆరింటికి పిల్లకు బ్యాగు తగిలించి రోడ్డు మీద నిలబెట్టాను! పన్నెండేళ్ల గర్వం ఆ గేటు దగ్గరే ఊడ్చుకుపోయింది. ఆపా పడీపడీ నవ్వుతోంది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. దానికి ముందే తెలుసా అని అడిగాను.

"ఎరికే మమ్మీ. ఎల్లుండి సంది ఆపానే ఏస్తది గద జడలు. ఇయ్యాల ఒకసారి, రేపు ఒకసారి, రెండుసార్లు నువ్వేస్తవని చెప్పలే."

ఆపా నవ్వు ఆగిపోయింది.

అక్కడే మెట్ల మీద కూర్చుని, దాన్ని ముందు కూర్చోబెట్టుకున్నాను. రిబ్బన్లు విప్పి, మళ్లీ మొదటి నుంచి జడలు వేశాను.