పులిసిన చేను

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నా పెళ్లయింది. పులివెందుల దగ్గర మా పుట్టిల్లు, జమ్మలమడుగు దారిలో నల్లరేగడి ఊళ్లో అత్తగారిల్లు. మా నాయన పసుపు కుంకుమల కింద మా ఊళ్లోనే నాకొక ఎర్రచేను రాసిచ్చాడు. "ఇది నీదే బిడ్డా. ఎవరి ముందరా చెయ్యి సాచొద్దు" అన్నాడు. కాగితం మీద ఎవరి పేరుంటే చేను వాళ్లదవుతుందనుకున్నాడు పాపం.

ఆ చేనిలో ఏటా వేరుశనగే. పెరికే కాలం వస్తే మా ఆయన బండ్లు కట్టించుకుని బయల్దేరేవాడు. పుట్టింటి మొహం చూడొచ్చని నేనూ ఎక్కేదాన్ని. చెట్టును వేరుతో సహా పెరికి, కాయ తెంపి, మూటలు ప్రొద్దుటూరు నూనె మిల్లుకు తోలేవాళ్లు. కాయ తెంపిన ఎండుచెట్టును మేము కట్టె అంటాం. పశువులకు అంతకంటే ఇష్టమైన మేత లేదు. అదంతా అత్తగారింటి గడ్డివామికి పోయేది. రాలిన ఆకును కూడా చీపుర్లతో ఊడ్పించి గోతాలకెత్తించేది మా అత్త. ఆమె ఊడ్పించిన చేనిలో కోడికి కూడా పని ఉండేది కాదు.

మా పుట్టింట్లోనూ కట్టె పశువులకే వేసేవాళ్లు. కానీ ఆ పశువుల పేడ దిబ్బలో మాగి, పొయ్యిబూడిదతో కలిసి, వానల ముందర మళ్లీ అదే చేనికి పోయేది. నా చేనికి ఆ యోగం లేదు. దాని మేత తినే ఎద్దులు ఒక పగటి బండిదారి అవతల ఉన్నాయి. దిబ్బ అక్కడే, ఆ దిబ్బ ఎరువు తినే నల్లచేనూ అక్కడే. చూసి చూసి ఒక ఏడాది నోరు తెరిచాను. పెరికేదానికి బండ్లు ఎట్లాగూ ఖాళీగానే పోతున్నాయి, వాటిలో కాస్త ఎరువు వేసి పంపమని అడిగాను.

"ఈడి పెంట ఆడికి యాల? మన చేనికే సాలకపాయ" అంది అత్త.

"అదీ మన చేనే గదత్తా."

"అది మీ నాయన చేను. వొచ్చినంత కాలం వొస్తాది, రాకుంటే మానె."

మా ఆయన వినీ విననట్టు చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఊళ్లకు బ్లాకు ఆఫీసులొచ్చాయి, నా చేనికి లొట్టలొచ్చాయి. పైకి కాయే, నొక్కితే టప్పున పగిలేది, లోపల గింజ ఉండేది కాదు. ఆకు కూడా పాలిపోయింది. గట్టు అవతల మా పెద్దన్న చేను మాత్రం పచ్చగానే ఉంది.

బ్లాకు ఆఫీసు నుంచి ఒక గ్రామసేవక్ వచ్చి నా చేనిమట్టిని నీళ్లలో కలిపి, రంగు కాగితం ముంచి చూశాడు. "నేల పులిసిందన్నా" అన్నాడు మా ఆయనతో.

"నేలేమన్నా అంబలా, పులిసేదానికి?" అన్నాడు ఈయన. కూలోళ్లంతా పడీ పడీ నవ్వారు.

"నవ్వాకండి. పైరు నేలలో ఉండే సున్నం తాగుతాది. గింజలో పోయేది కొంచెమే, ఆకులో కాడలో పోయేది శానా. మీరు ఆకుతో సహా ఎత్తుకపోతాండారు, పెంటగా గానీ బూడిదగా గానీ ఏమీ తిరిగి రాకపాయ. సున్నం పోతే మిగిలేది పులుపే. ఈ ఎర్రనేలలో అది మొదలే తక్కువ. సున్నం సల్లండి, పెంట తోలండి."

నాకు ఒళ్లు మండింది. పెంట తోలమని నేనూ అడిగిందాన్నే. ఆ మాట గ్రామసేవక్ నోట వచ్చినా మా ఇంట్లో చెల్లలేదు. ఆ పూట అన్నం తింటూ మా ఆయన, "మీ నాయన తెలివైనోడే. సత్తువ లేని చేను సూసి కూతురికి అంటగట్టినాడు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మా నాయన అప్పటికే పోయాడు, వచ్చి జవాబు చెప్పుకోలేడు. ఆయన బదులు నేనే చెప్పాను, వీధి వీధంతా వినేటట్టు చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మాటలు మొదలైనాక ఒకటే పాట, అమ్మేద్దామని. ముద్ద ముద్దకూ మా నాయన్ను తిట్టడం వినలేక సరేనన్నాను. పులివెందుల రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చాను.

గట్టు కలిసి ఉంది కాబట్టి మా పెద్దన్నే కొన్నాడు. సున్నం చల్లించాడు, ఎరువుకని గొర్రెల మంద నిలిపించాడు, కట్టె తిన్న పశువుల పెంటను ఆ చేనికే తోలాడు. అదేమన్నా గొప్ప విద్యా? తెచ్చుకున్నదాంట్లో కొంత తిరిగి ఇచ్చాడు. అన్న మీద కూడా నాకు కోపమే. చేను నాదిగా ఉన్నప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాడే కదా.

కొన్నేళ్లకు అన్న ఒక గోతం పచ్చికాయలు పంపాడు. ఉడకబెట్టి పళ్లెంలో పోశాను. మా ఆయన వరసగా ఒలుచుకు తింటూ, గింజ భలే నిండిందే, ఏ చేనివని అడిగాడు. చెప్పాను.

నమలడం ఆపి నా వైపు చూశాడు. "ఇట్లాంటి చేనును ఎట్ల అమ్ముకుంటివే? నీ పేరు మీద ఉండె. సంతకం పెట్టనంటే నిన్నెవరన్నా కొడతాండిరా?" అన్నాడు.

చేను నాదని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.