తాత వండిన సంగటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేడ గురించి పెద్ద రభస జరిగింది. నవ్వకండి. ఇవాళ మార్కాపురంలో మా ఇంటి వరండాలో సోలారు ప్యానెళ్ల గురించి, కరెంటు కారు గురించి మా అబ్బాయీ మా తమ్ముడూ గొంతులు పోయేలా వాదించుకుంటున్నారే, అచ్చం అలాంటిదే. కాకపోతే అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి, ఎవరికి కావలసిన వీడియో వాళ్లు చూపించే వీలు లేదు. నోటితోనే సరిపెట్టుకున్నారు.

అప్పట్లో మేము కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా తాతకు గొడ్లంటే ప్రాణం. ఎండాకాలం వచ్చి ఊళ్లో గడ్డి అయిపోగానే మందను తోలుకుని నల్లమలకు పోయేవాడు. మళ్లీ తొలకరి పడ్డాకే ఇంటికి వచ్చేవాడు. ఏడాదంతా ఆ ప్రయాణం కోసమే ఎదురుచూసేవాడనిపించేది. మా నాయన అలా కాదు. కొత్త వస్తువు ఏది కంటబడినా అది మన ఇంటికి రావాల్సిందే అనే మనిషి. ఒకసారి గిద్దలూరు వైపు చుట్టాలింటికి పోయి గోబర్ గ్యాసు చూసి వచ్చాడు. పెరట్లో గుంత తవ్వి తొట్టి కట్టాలట, పేడా నీళ్లూ కలిపి అందులో పోయాలట, గొట్టం గుండా గ్యాసు వచ్చి పొయ్యి మండుతుందట. ఆ రోజు నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు.

అసలు సంగతి నాకు తెలుసు. మా వంటిల్లు ఇంటి వెనక కిటికీ లేని చిన్న గది. వానాకాలంలో కందికట్టె తడిస్తే పొగ గదంతా కమ్ముకునేది. అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. సూదిలో దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా నన్నే పిలిచేది. అమ్మ చూపు పోతుందేమోనని నాకు లోపల ఒకటే దిగులు. నాయనకూ అదే దిగులు. కానీ పెండ్లాం కళ్ల గురించి తండ్రి ముందు మాట్లాడటం ఆ రోజుల్లో మగవాడికి నామోషీ. అందుకని ఆయన ఎరువు గురించీ, దేశం ముందుకు పోవడం గురించీ మాట్లాడేవాడు. ఉన్న ఒక్క మంచి కారణం నోట్లోనే ఉండిపోయేది.

తాత వాదన మాత్రం గట్టిగా ఉండేది. పేడ చేనుకు పోవాలి గాని గొట్టంలోకి పోవడం ఏమిటన్నాడు. తొట్టిలోంచి బయటికొచ్చేది ఇంకా మంచి ఎరువని నాయన అంటే, ఎండాకాలం గొడ్లు నల్లమలకు పోయినప్పుడు నీ తొట్టిలో ఏం పోస్తావని అడిగాడు. నాయన మాట మార్చి తొట్టి కొలతల్లోకి పోయాడు. సాయంత్రం మా అరుగు మీద చేరే నలుగురూ తాత వైపే. వాళ్లలో ఒక పెద్దాయనైతే పేడతో వచ్చిన మంట మీద వండిన కూడు తాను ముట్టనన్నాడు. పుట్టినప్పటి నుంచీ పిడకల మీద ఉడికిన అన్నమే తిన్నాడన్న సంగతి ఆయనకూ గుర్తు రాలేదు, విన్నవాళ్లకూ రాలేదు.

చివరికి నాయన, పొగ ఉండదని మాత్రం నసిగాడు. తాత నవ్వేశాడు. నల్లమలలో ఎన్నేళ్ల నుంచో తన సంగటి తానే వండుకుంటున్నానని, పొగకు భయపడేవాడు కూడు తిన్నట్లేనని అన్నాడు. కావాలంటే రేపు పొద్దున వండి చూపిస్తానని కూడా అన్నాడు. అందరూ వేళాకోళమనుకున్నారు.

మర్నాడు ముసురు పట్టింది. అమ్మ పొయ్యి ముట్టించబోతుంటే తాత వంగి వంటింట్లోకి వచ్చాడు. మామగారు వంటింటి గడప దాటడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. అమ్మ గభాలున లేచి మూలకు జరిగింది. ఆయన పీట లాక్కుని కూర్చుని, ఈ పూట నేను వండుతానమ్మా అన్నాడు. వాదనలో గెలవడానికే వచ్చాడు, సందేహం లేదు.

తడి కట్టె అంటుకోదు. తాత ఊదుగొట్టం తీసుకుని ఊదాడు. పొగ లేచి, పోవడానికి దారి లేక ఆయన ముఖం మీదికే వచ్చింది. దగ్గు పట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. నేను వండుతాను లేవండని అమ్మ బతిమాలింది. తాత లేవలేదు. సంగటి ఉడికి, తెడ్డుతో కెలికి, కుండ దింపేదాకా ఆ పీట మీదే కూర్చున్నాడు. అప్పుడు అమ్మ ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అలా చూడటం అదే మొదటిసారేమో.

"రోజూ ఇట్లనేనామ్మా?"

అమ్మ తల వంచుకుంది.

తాత బయటికొచ్చాడు. వాన వల్ల చేను పనులు లేక అరుగు మీద అప్పటికే మనుషులు చేరి ఉన్నారు. ఆయన కళ్లు దాచుకోలేదు. అందరి ముందరే తుండుగుడ్డతో తుడుచుకుంటూ నాయనతో అన్నాడు: "నేనన్నది తప్పురా. అడివిలో పొగ పైకి పోతాది. ఈడ కోడలి కండ్లలోకి పోతాంది. గుంత తవ్వించు."

పదిమందిలో ఓడిపోయానని అంత తేలికగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అయితే ఎండాకాలం గురించి తాను అడిగిన ప్రశ్నను తాత వదిలిపెట్టలేదు. దానికి జవాబు కూడా తానే అయ్యాడు. ఆ ఏడు సగం గొడ్లను ఇంటి దగ్గరే ఉంచి, మిగిలినవాటిని నాయన చేత నల్లమలకు తోలించాడు. తాను చొప్ప ఎక్కడ దొరుకుతుందా అని ఊళ్లు తిరిగి మోసుకొచ్చి, ఉన్న గొడ్లను మేపాడు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఏ ఎండాకాలమూ తాత అడవికి పోలేదు. అది ఎంత పెద్ద త్యాగమో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

గ్యాసు పొయ్యి మొదటిసారి వెలిగించిన పూట అమ్మ అలవాటుగా కళ్లు చిట్లించి ముఖం పక్కకు తిప్పుకుంది. పొగ రాలేదు. కాసేపటికి నెమ్మదిగా ఇటు తిరిగి ఆ నీలం మంటను చూస్తూ ఉండిపోయింది. గడప అవతల నిలబడ్డ తాత ఆ మంటను చూడలేదు, అమ్మనే చూశాడు.

మొన్న మా వాళ్లిద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. కరెంటు కారు కొంటే ఖర్చు కలిసొస్తుందని మా అబ్బాయి, దారిలో ఆగిపోతే ఎవరు తోస్తారని మా తమ్ముడు. మేడ మీద ప్యానెళ్లూ బ్యాటరీ పెట్టిద్దామని వీడు, అది దండగ ఖర్చని వాడు. నాకు వాటి లెక్కలు తెలియవు. కారును పొగిడేముందు, అలాంటి కారున్నవాళ్లతో ఒకసారి గిద్దలూరు దాకా పోయి రమ్మని మా అబ్బాయికి చెప్పాను. మా తమ్ముడిని మాత్రం మేడ మీది గదిలోకి పంపి, నేను బయట మెట్ల మీద ఆగాను. మా కోడలు జాకెట్లు కుట్టేది అక్కడే. పైన రేకులు, బయట మధ్యాహ్నపు ఎండ, ఆ వేళ కరెంటు లేదు. ఫ్యాను ఆగినా మా కోడలు మిషను తొక్కుతూనే ఉంది.

ఆ పొయ్యి కథ మా తమ్ముడు పుట్టకముందుది, నేనెప్పుడూ వాడికి చెప్పలేదు. చాలాసేపటికి వాడు చొక్కా తడిసిపోయి గుమ్మంలోకి వచ్చాడు. నా వైపు రాకుండా వెనక్కి తిరిగి మా కోడలిని అడిగాడు.

"రోజూ ఇట్లనేనామ్మా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా తాత నాకు ఇచ్చిపోయింది ఆ ఒక్క ప్రశ్నే. ఇంట్లో ఎవరు ఏది వాదించుకుంటున్నా, ఆ ప్రశ్న ఎవరిని అడగాలా అని నేను ఇప్పటికీ లోపలి గదుల వైపు చూస్తాను.